హాంబర్గులో మేము పాటించిన బంద్

హాంబర్గులో మేము నాలుగు రోజులున్నాం. అందులో ఒకరోజు బంద్. నగరం మొత్తం మీద ఆ బంద్‌ను పాటించినవాళ్లం మేము నలుగురమేనని తరవాత తెలిసింది. ఆ ఊరు చూసి వచ్చినవాళ్లు చర్చిల ఎత్తూ, కాలువల మీద వంతెనల సంఖ్యా చెబుతారు. అవి కావలసినవాళ్లు వాళ్లనే అడగాలి. నేను అక్కడి ఒక మూడో అంతస్తు కిటికీ గురించి మాత్రం సాధికారంగా చెప్పగలను.

నలుగురమంటే నేను, మా ఆవిడ రాజ్యం, అప్పలనాయుడు, అతని భార్య సింహాచలం. నాయుడిది టెక్కలి దగ్గర పల్లె. పదిహేడో ఏట హౌరాలో రైలు దిగి, ఖిదిర్‌పూర్ ఓడల డాకులో మూటలు కట్టి ఎత్తే పనిలో చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. నేను అదే డాకు ఆఫీసులో గుమస్తాని. ఓడ ఆలస్యమైతే ఎందుకు ఆలస్యమైందో రాయడం నా పని. ఉద్యోగమంతా కలిపి నాకు పనిలేని రోజు ఒక్కటి లేదు. నాయుడు మూటలు మోశాడు, నేను మాటలు మోశాను. ఇద్దరికీ నడుంనొప్పి ఒకే ఏడు మొదలైంది.

మా అమ్మాయి సుధ. కలకత్తాలో పుట్టింది కనక బుల్టీ అని మరో పేరు కూడా ఉంది. తను పనిచేసే కంపెనీ మూడు నెలల శిక్షణకి హాంబర్గు పంపితే, చలి తగ్గాక మమ్మల్ని రమ్మంది. ఈ సంగతి నాయుడికి చెప్పడం నేను చేసిన పని.

"ఏ ఊరన్నావు గుమస్తా బాబూ?"

"హాంబర్గు."

తాగుతున్న టీ మట్టిభాండం కింద పెట్టేశాడు. నాయుడికి ఇంగ్లీషు చదవడం రాదు, ఈ ఒక్క మాట తప్ప. ఓడల వెనకవైపు రాసి ఉండేది చూసి చూసి, ఆ అక్షరాల వరస మొహం గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేస్తాడు.

"నానూ వొస్తాను," అన్నాడు. "ఇక్కడ ఎత్తినోడిని నాను. అక్కడ దింపినోడు ఒకడుంటాడు గదా. ఆడినోపాలి సూడాల. మా మూటలు ఎలగుండీవో అడగాల."

"అది అడగడానికి అంత దూరమా?"

"మరి ఎవుడికైనా తెలుసునేటి ఇక్కడ? మనం ఎత్తి పంపీసినాం. అక్కడ మనిసున్నాడో, సముద్రంలో పారబోసీసినారో ఎవుడు సెప్పినాడు?"

నా ముప్ఫై ఏళ్ల నివేదికల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. అతను టికెట్టు ఎలా కొన్నాడన్నది అతని ప్రావిడెంట్ ఫండుకీ సింహాచలానికీ మధ్య విషయం. అందులో నేను దూరలేదు.

దమ్‌దమ్‌లో ఒక చెయ్యి

కలకత్తా విమానాశ్రయంలో సింహాచలం పెట్టెలో మరమరాలు, ఆవనూనె, చింతపండు, చిన్న రోలు దొరికాయి. వాటికి ఎవరూ ఏమీ అనలేదు. నాయుడి సంచిలో గంఛా తువ్వాల్లో చుట్టిన ఇనపకొక్కెం దొరికింది. డాకు కూలీలు గోనెమూటలో గుచ్చి లాగే కొక్కెం అది. చెక్కపిడి చేతికి అరిగి అరిగి రాగిచెంబులా మెరుస్తుంది.

"ఎటా కీ, దాదా?" అని, ఇదేమిటని అడిగాడు తనిఖీ చేసే ఆయన.

"ఆమార్ హాత్," అన్నాడు నాయుడు. నా చెయ్యి.

ఆయన కొక్కేన్ని చూసి, నాయుడి అరచేతిలో కాయల్ని చూసి, ఆ సంచి సామానుతో పాటు విమానం అడుగుకు పంపేశాడు. సింహాచలం మాత్రం ఊరుకోలేదు. "ఈ కొక్కేనికి ఒక టిక్కెట్టు, నాకొక టిక్కెట్టు తీసినాడమ్మా. కిటికీ పక్కన దాన్ని కూకోబెట్టనందుకు సంతోసించాల," అని రాజ్యంతో అంది.

సోడా అన్నం

శుక్రవారం దిగి, సుధ ఉండే మూడో అంతస్తు ఇంటికి చేరాం. శనివారం బజారుకెళ్లాం. కుళాయి నీళ్లు తాగొచ్చని సుధ చెప్పినా, కలకత్తాలో కుళాయిలతో సంసారం చేసినవాళ్లం కనక నమ్మలేదు. సీసాలు కొనుక్కొచ్చి వాటితో రాజ్యం అన్నం వండింది. ఎసరు మరగకముందే బుడబుడలాడింది. అది సోడా అని తినడం పూర్తయ్యాక తెలిసింది. అన్నం తేలిగ్గానే ఉంది.

నదిఒడ్డున ఒక బండి దగ్గర చేప పెట్టిన రొట్టె తిన్నాం. మా నలుగురి రొట్టెల డబ్బుకి కలకత్తా గరియాహాట్ బజార్లో రెండు కిలోల పార్శె చేపలు వస్తాయని రాజ్యం అంటే, "వస్తాయి, ఉడకపెట్టి మరీ వస్తాయి," అంది సింహాచలం. ఆ చేప వెనిగర్‌లో ఊరిందే తప్ప పొయ్యి మొహం చూడలేదట. "గేసు లేదేటమ్మా ఈలకి? మనింటికి రమ్మను, పులుసెట్టి ఇస్తాను," అని బండి ఆవిడ వంక జాలిగా చూసింది. ఆవిడ దాన్ని మెప్పు అనుకుని ఇంకో ఉల్లిపాయ ముక్క వేసింది.

ఇంకో వింత: కనుచూపు మేర బండి లేకపోయినా ఎర్రదీపం వెలుగుతుంటే మనుషులు రోడ్డు దాటకుండా నిలబడతారు. నాయుడికి ఇది చాలా నచ్చింది. "ఎవుడూ సూడకపోయినా ఆగినారు, సూడు. ఈలు మాటమీద నిలబడే మనుసులు." ఈ అభిప్రాయమే మర్నాడు మా కొంప ముంచింది.

శనివారం మధ్యాహ్నం సుధ వేరే ఊళ్లో స్నేహితురాలి పెళ్లికి బయల్దేరింది. ఆదివారం సాయంత్రం వస్తానంది. వెళ్తూ వెళ్తూ, బాబాయిని బెంగాలీలో పిలిచినట్టు తను కాకూ అని పిలిచే నాయుడికి ఒక పథకం చెప్పింది. "కాకూ, రేవులో ఒక పాత గోదాం ఉంది. రిటైరైపోయిన డాకువాళ్లు పాత సామాన్లు చూపిస్తారు. రేపొక్కరోజే తెరిచి ఉంటుంది. సోమవారం మూత. మంగళవారం మీ ఫ్లయిట్. కాబట్టి రేపే వెళ్లాలి, బుఝ్‌లే?"

"బుఝేఛి," అర్థమైందన్నాడు నాయుడు. ఏ పడవ ఎక్కాలో, ఎక్కడ దిగాలో కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చింది. ఆ రాత్రి అతను కొక్కేనికి కొబ్బరినూనె రాశాడు.

ఆదివారం

పొద్దున తొమ్మిదింటికి నేనూ నాయుడూ పాలకోసం కిందికి దిగాం. వీధిలో ఒక్క దుకాణం తెరిచి లేదు. కూరగాయల కొట్టు మూసి ఉంది, మాంసం కొట్టు మూసి ఉంది, శనివారం కిటకిటలాడిన పెద్ద బజారు గాజుతలుపుల వెనక చీకటి. మనుషులు లేరు. ఒక పావురం రోడ్డు మధ్య నడుస్తోంది.

ఆదివారమని మాకు తెలియక కాదు. కానీ ఆదివారం పొద్దున్నంటే మా ఊళ్లో మాంసం దుకాణం ముందు లైను, చేపలవాడితో యుద్ధం, సంచిలోంచి పుయిశాకు అనే బచ్చలితీగల తోకలు. వారంలో అన్ని రోజులూ మూసినా ఆదివారం మాత్రం ఏ మతిలేనివాడూ కొట్టు మూయడు.

నాయుడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "బంద్."

"ఆదివారం బంద్ ఎవరు పెడతారయ్యా? సోమవారమో శుక్రవారమో పెడితే కదా సెలవు కలిసొచ్చేది."

"అదే నాను సెప్తన్నది. సెలవు ఒగ్గేసుకుని బంద్ సేస్తన్నారంటే ఎంత నికార్సయిన మనుసులో సూడు."

నాకు అనుమానం లేకపోలేదు. కానీ ఆలస్యాలకు కారణాలు రాసేవాడికి ఒక జబ్బుంటుంది: ఎదటివాడు గట్టిగా ఒక కారణం చెబితే చాలు, రాసేసుకుంటాడు.

పైకొచ్చాక మిగతా సాక్ష్యాలు వాటంతటవే వచ్చాయి. సింహాచలం అల్లం పచ్చడికని రోట్లో దంచడం మొదలుపెట్టగానే కింది అంతస్తు ముసలావిడ తలుపు తట్టింది. పెదాల మీద వేలుపెట్టి, రోలు చూపించి, వాళ్ల భాషలో రెండు ముక్కలు కటువుగా చెప్పి వెళ్లిపోయింది.

"పార్టీ లోకల్ కమిటీ ఆవిడ," అన్నాడు నాయుడు.

"పచ్చడి నూరితే కమిటీకి ఏటి నొప్పి?" అంది సింహాచలం.

"పనంటే పనే. ఆపీ."

పది దాటాక ఒక ఖాళీ బస్సు వెళ్లింది. అది అత్యవసర సర్వీసన్నాడు నాయుడు. మధ్యాహ్నం ఊరేగింపు వచ్చింది. ఎర్రజెండాలు, డోళ్లు, నినాదాలు, పక్కనే గుర్రాల మీద పోలీసులు. ఇక బందేనని నేను కూడా ఒప్పుకోక తప్పలేదు. అది ఫుట్‌బాల్ ఆటకి పోతున్న అభిమానుల గుంపని తరవాత తెలిసింది. ఫుట్‌బాల్ కోసం తలలు పగలగొట్టుకునే ఊరినుంచి వచ్చినవాళ్లం మేమే దాన్ని పోల్చుకోలేకపోయామంటే, ఎర్రజెండా చూడగానే మాకు ఒకటే అర్థం తట్టేలా మా ఊరు మమ్మల్ని పెంచిందన్నమాట.

"నాయుడూ, ఆ గోదాం?" అన్నాను. "ఇవాళ ఒక్కరోజే కదా. పడవ నడుస్తోందేమో వెళ్లి చూసొద్దాం."

అతను కిటికీలోంచి తల తిప్పలేదు. గంఛా మూట ఒళ్లోనే ఉంది.

"బంద్‌నాడు పనికెల్లినాడన్న మాట నా మీద ఖిదిర్‌పూర్‌లో లేదు బాబూ. సిన్నోడికి జొరం వొచ్చి మందుకి డబ్బుల్లేనప్పుడూ ఎల్లలేదు. ఇక్కడికొచ్చి పడమంటావా ఆ మాట? అదీ డాకులోనా?"

"మనం పనికి కాదుగా, చూడటానికి."

"గేటు దాటితే దాటినట్టే."

ఆవనూనె కలిపిన మరమరాలు తిని, నలుగురం కిటికీ దగ్గర కూర్చుని, హాంబర్గు బంద్‌ని శాంతియుతంగా జయప్రదం చేశాం.

సాయంత్రం సుధ వచ్చింది. "ఎలా ఉంది కాకూ గోదాం?"

"బంద్ కదమ్మా. ఎల్లనేదు."

"బందా? ఎక్కడ?"

నేను చెప్పాను. కొట్లు, ముసలావిడ, జెండాలు. చెప్పే కొద్దీ నా వాక్యాలు నాకే చిన్నవైపోయాయి. సుధ నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుంది.

"ధ్యాత్! ఓ మా! ఇక్కడ ప్రతి ఆదివారం ఇంతే. కొట్లు మూసేస్తారు. చప్పుడు చెయ్యకూడదు. అంతే. బస్సులూ పడవలూ అన్నీ ఉంటాయి. గోదాం సాయంత్రం దాకా తెరిచే ఉంది!"

ముందు నవ్వింది తనే. మాలో ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేసింది. నాయుడు లేచి, మూట తీసుకెళ్లి సంచి అడుగున పెట్టి, దాని మీద బట్టలు సర్దాడు. ఆ సంసారాన్ని ఇన్నేళ్లుగా ఎరుగుదును. మొగుణ్ణి దెప్పడానికి ఇంతకన్నా మంచి అవకాశం సింహాచలానికి ఎన్నడూ రాలేదు. ఆవిడ దాన్ని వాడుకోలేదు. వెళ్లి అతని పక్కన కూర్చుని, "అన్నం తిందాం రా," అంది. రేవు చూడటం రేపటికి వాయిదా వేద్దామంటే ఆ రేపు లేదు.

మూసిన గేటు

సోమవారం సుధ సెలవుపెట్టి అందర్నీ పడవ ఎక్కించింది. గోదాం బయటినుంచైనా చూపిస్తానంది. నది మీద గాలి చెవులు కోసింది. దారిపొడవునా ఇనపడబ్బాల కొండలు, వాటి మీద మనిషి కనపడని పెద్ద క్రేన్లు. "ఒక్కడూ లేడేటి?" అని నాయుడు రెండుసార్లు అడిగాడు. ఓడలు బళ్లవుతాయంటారు. ఇక్కడ ఓడలు డబ్బాలయ్యాయి.

గోదాం గేటుకి తాళం వేసి ఉంది. లోపల ఒక ముసలాయన టోపీ పెట్టుకుని పాతక్రేను కాలికి రంగు వేస్తున్నాడు. మమ్మల్ని చూసి, సోమవారం మూత అన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపి, మళ్లీ రంగులో పడ్డాడు.

"ఈయనకి చెప్తాను," అంది సుధ.

"ఏటని సెప్తావు? సిగ్గుసేటు. వొద్దు."

ఆ పిల్ల చెప్పేసింది. మధ్యలో ఖిదిర్‌పూర్ అన్న మాట, కలకత్తా అన్న మాట నాకు తెలిశాయి. బంద్ గురించి చెబుతున్నప్పుడు ఆయన కుంచె ఆగింది. ఆయన నవ్వుతాడని నేను ఎదురుచూశాను. నవ్వలేదు. గేటు దగ్గరికి వచ్చి ఏదో అడిగాడు.

"నిన్న సమ్మె చేసిందెవరు అని అడుగుతున్నారు కాకూ."

"ఎవులూ లేరని సెప్పు."

"ఎవరూ లేకుండానే రోజంతా లోపల కూర్చున్నారా అంటున్నారు."

"అడగడానికి బైటికి రావాల గదా," అన్నాడు నాయుడు.

సుధ అది చెప్పింది. ముసలాయన జేబులోంచి తాళంచెవి తీశాడు.

"రమ్మంటున్నారు. కానీ ఇవాళ మూసే ఉందట. మనం లోపల ఉన్నా మూసి ఉన్నట్టేనట."

ఎవడైనా చూస్తున్నాడా అని నేను వెనక్కి చూశాను. గుమస్తా బుద్ధి.

మూట

ఆయన పేరు హెర్మన్. ఆ రేవులోనే నలభై ఏళ్లు మూటలు దింపాడు. గోదాం గోడకి మేకులు కొట్టి వరసగా కొక్కేలు తగిలించి ఉన్నాయి. నాయుడు వాటి ముందు నిలబడి గంఛా విప్పాడు. హెర్మన్ గోడమీది ఒకటి తీసి దాని పక్కన పెట్టాడు. వంపు ఒకటే. పిడి అరిగిన చోటు కూడా ఒకటే, బొటనవేలి కింద. ఇద్దరూ కొక్కేలు మార్చుకుని బరువు చూసుకున్నారు. దీనికి సుధ అవసరం రాలేదు.

మూలన చూపించడానికి ఉంచిన గోనెమూటలున్నాయి. నాయుడు వంగి ఒకదాన్ని వాసన చూశాడు. "మన బడ్జ్ బడ్జ్ మిల్లు నార ఇది," అని తీర్పు చెప్పాడు. అవునో కాదో తేల్చగలవాళ్లెవరూ అక్కడ లేరు. హెర్మన్ ఒక కొసకీ నాయుడు ఒక కొసకీ కొక్కెం గుచ్చారు.

"నీ నడుం!" అంది సింహాచలం.

"హై... స్సా!" అన్నాడు నాయుడు. రెండోసారి హెర్మన్ కూడా హైస్సా అన్నాడు. మూట లేచి, ఊగి, చెక్కబల్ల మీద చప్పుడు లేకుండా కూర్చుంది.

అప్పుడు నాయుడు తను వచ్చిన పని అడిగాడు. "అమ్మా బుల్టీ, అడుగు. కలకత్తా నుండి మా మూటలొచ్చీవి గదా, అవి ఎలగుండీవని అడుగు."

సుధ అడిగింది. హెర్మన్ జవాబు గబగబా వచ్చింది, చేతులతో సహా. సుధ ఆ జవాబు పట్టుకుని తటపటాయించింది.

"అదీ... కాకూ... కలకత్తా మూటలంటే ఇక్కడ అందరూ తిట్టుకునేవారట. దుమ్ము వల్ల వారం రోజులు దగ్గేవాళ్లట. ముడులు మరీ బిగించేవారట, కత్తి కూడా దిగేది కాదట. కలకత్తా ఓడ వస్తోందంటే కొందరికి కావాలనే జ్వరం వచ్చేదట."

నేను నాయుడి మొహం చూడలేక కొక్కేల వంక చూశాను.

"తిట్టీవోలట?" అన్నాడు నాయుడు.

"ఊ."

"ఏటని తిట్టీవోలు? అడుగు. మాట మాట సెప్పమను."

హెర్మన్ టోపీ తీసి, ఆడవాళ్లకి క్షమాపణ చెప్పుకుని, ఆ తిట్టు చెప్పాడు. సుధ దాన్ని తెలుగులోకి తేనంది, బెంగాలీలోకి కూడా తేనంది. నాయుడికి అవసరం లేకపోయింది. మళ్లీ చెప్పించుకున్నాడు, నోటికొచ్చేదాకా. అతని మొహం విప్పారిపోయింది.

"ఇన్నావా గుమస్తా బాబూ? ముప్పై మూడేళ్లు! నాను అక్కడ ముడి బిగిస్తే ఈడు ఇక్కడ తిట్టినాడు! మనిసున్నాడు!" ఆ వెంటనే, "అమ్మా, ఈలు పంపిన మెషిన్ల పెట్టెలకి మేమూ తిట్టీవోలమని సెప్పు," అంటూ టెక్కలి భాషలో ఒకటి విడిచాడు. రాజ్యం క్రేను చూడటానికి బయటికి వెళ్లింది. హెర్మన్ దాన్ని శ్రద్ధగా నేర్చుకున్నాడు. ఇప్పుడా రేవులో ఆ తిట్టు తెలిసిన జర్మన్ ఒకడున్నాడు. మనవాళ్లెవరైనా వెళితే జాగ్రత్తగా ఉండాలి.

మీరేం చేసేవారని నన్నూ అడిగాడు. ఆలస్యాలకి కారణాలు రాసేవాణ్ణన్నాను. ఓహో అన్నట్టు తలూపి మళ్లీ నాయుడి వైపు తిరిగాడు. డాకు ఆఫీసు గుమస్తాకి ప్రపంచంలో ఏ రేవులోనైనా ఇంతే మర్యాద.

వచ్చేటప్పుడు హెర్మన్ నాయుడి కొక్కేన్ని గోడమేకుకి తగిలించాడు. తనది గంఛాలో చుట్టి నాయుడికిచ్చాడు.

తిరిగి దమ్‌దమ్

బుధవారం పొద్దున దిగాం. తనిఖీ దగ్గర ఈసారి ఇంకో ఆయన సంచి విప్పించాడు. "ఎటా కీ?"

"హాత్. బదలే గేఛే," అన్నాడు నాయుడు. చెయ్యే, మారింది.

బయటికొస్తే టాక్సీల వరస లేదు. టీకొట్టు మూసి ఉంది. రోడ్డు మీద కాకులు తీరిగ్గా నడుస్తున్నాయి. ఎయిర్‌పోర్ట్ డ్యూటీ అని కాగితం అంటించుకున్న ఒక వ్యాను డ్రైవరు మాత్రం వచ్చి, ఖిదిర్‌పూర్ దాకా దింపుతానన్నాడు. రాజ్యం సామాను ఎత్తబోయింది. నాయుడు తన పెట్టె నేలమీద పెట్టి దానిమీద కూర్చున్నాడు.

"బంద్. సాయంత్రం ఆరు దాటాకే," అన్నాడు.

"ఎవులింట్లోనైనా సెప్పుకోడానికి ఉందేటమ్మా ఇది," అంది సింహాచలం. "పట్టుకెల్లింది ఒక కొక్కెం, తెచ్చింది ఒక కొక్కెం. ఈ మాత్రానికి ఇమానం!" అంటూనే వెళ్లి ఆ పెట్టె మీదే రెండో సగంలో కూర్చుంది.

నాయుడు కాసేపాగి నన్ను దగ్గరికి పిలిచాడు. మొహంలో చిన్న భయం కనిపించింది. "బాబూ, ఒక్కపాలి కనుక్కో. నిజం బందేనేటో."

గేటు దగ్గర కుర్చీలో కునుకుతున్న పోలీసు దగ్గరికి వెళ్లి, "దాదా, ఇవాళ నిజంగా బందేనా?" అని బెంగాలీలో అడిగాను.

ఆయన ఖాళీరోడ్డు చూశాడు, నన్ను చూశాడు. "ఎక్కణ్ణుంచి వస్తున్నారు?"

"హాంబర్గు నుంచి."

"అక్కడ ఇలాంటివి ఉండవేమో."

"ఉంటాయి," అన్నాను. "మొన్నే ఒకటి చేసొస్తున్నాం."